అత్తాకోడళ్ల చీటీ పాట

అద్దె ఇల్లు చూడటానికి మా అత్తని వెంట తీసుకెళ్లకూడదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. గదులెన్ని, నీళ్లు ఎప్పుడొస్తాయి, కరెంటు మీటరు విడిగా ఉందా, ఇవేవీ ఆవిడకి పట్టవు. ఇంటావిడ తాళం తీసి, వంటగది చూపించి, ఎండ పడే పెరడు చూపించి, ఇక అడ్వాన్సు మాట ఎత్తబోతుంటే మా అత్త గుమ్మంలో నిలబడి అడిగేది.

"అన్నీ బాగున్నాయమ్మా. ఇక్కడ నేను సత్తే ఏటి సేత్తారు? లోపల పడుకోబెట్టనిత్తారా?"

అంతే. ఆ ఇల్లు మాకు రాదు. "మా అబ్బాయిని అడిగి చెబుతాం" అనేవారు. వాళ్ల అబ్బాయి మళ్లీ మాకు ఫోను చేసింది లేదు. గవరపాలెం వైపు చక్కటి రెండు గదుల ఇల్లు, నేను పనిచేసే బడికి నడిచి వెళ్లేంత దగ్గర, ఆ ఒక్క ప్రశ్నతో చేజారిపోయింది. నాకు ఒళ్లు మండిపోయేది. దారంతా సాధించేదాన్ని. "నిక్షేపంలా ఉన్నావు, పొద్దున్నే మూడు దిబ్బరొట్టి ముక్కలు తింటావు, చావు మాట నీకెందుకు?" అంటే, "తినీవోళ్ళు సావరేటి?" అనేది.

ఆవిడ అలా అడగటానికి కారణం నాకు తెలుసు కాబట్టి ఎంత సాధించినా ఇంటికొచ్చేసరికి చల్లబడిపోయేదాన్ని. మా మామగారు ఆసుపత్రిలో పోయారు. ఆయన్ని ఇంటికి తీసుకొస్తే అప్పటి మా ఇంటావిడ గేటు తీయలేదు. ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. కొత్త అమావాస్యకి నూకాలమ్మ గుడికి వెళ్లొస్తే మాకూ ప్రసాదం తెచ్చేది, బూరెలు వండితే గిన్నెతో పంపేది. కానీ ఇంట్లో పిల్ల పెళ్లి కుదిరి ఉంది. అద్దెకున్న వాళ్ల శవం గుమ్మం దాటితే ఇంటికి మంచిది కాదని భయం. గేటు అవతల నిలబడి ఏడుస్తూనే, "ఏమనుకోకమ్మా" అంది. ప్రహరీ పక్కన రోడ్డు మీదే బల్ల వేసి ఆయన్ని పడుకోబెట్టాం. స్నానం కూడా అక్కడే. ఆటోలు హారను కొట్టుకుంటూ పక్కనుంచి వెళ్లేవి. కర్మ కూడా మా ఇంట్లో వద్దంటే, మా ఆయనకి తెలిసిన మేస్త్రి ఒకాయన సగం కట్టిన తన ఇంట్లో చేసుకోమన్నాడు. ఆ తర్వాత ఆ ఇల్లు ఖాళీ చేసి, ఎలాగో అదే వీధిలో ఇంకో వాటాకి మారాం.

అప్పట్నించి మా అత్తకి ఒకటే ధ్యాస, సొంత చోటు. ఇల్లు కాదు, చోటు. నాలుగు రాళ్లు పాతిన నేల చాలు, పైన రేకు లేకపోయినా ఫరవాలేదు అనేది.

మా ఆయన మోటార్లకి రీవైండింగ్ చేస్తాడు. చుట్టుపక్కల ఊళ్లలో చెరుకు తోటలకి నీళ్లు పెట్టే మోటారు కాలిపోతే ఆయన దగ్గరికే వస్తుంది. అలా ఒక మోటారు బాగుచేయడానికి బుచ్చయ్యపేట దారిలో ఒక రైతు దగ్గరికి వెళ్లినప్పుడు, ఆ రైతు రోడ్డు వారన ఉన్న పొలం చెక్కని సైట్లుగా విడదీసి అమ్ముతున్నాడని తెలిసింది. మధ్యలో ఒక బ్రోకరు. రాంబిల్లి వైపు కంపెనీలు వస్తున్నాయనీ, ఆ గాలి ఇటూ తగులుతుందనీ, ఇప్పుడు కొంటే రేపటికి రెట్టింపనీ మాకు ఊదరగొట్టాడు. "ఇన్వెస్ట్‌మెంట్ అమ్మా, ఇన్వెస్ట్‌మెంట్" అన్నాడు మా అత్తతో. ఆవిడ ఆ మాట వింటూనే చెప్పులు విడిచి, మూలరాయి నుంచి మూలరాయి దాకా నడిచి చూసింది.

"రెట్టింపు నాకెందుకు బాబూ. కాళ్లు సాపుకోడానికి సరిపోతాది" అంది.

నా బంగారు నానుతాడు తాకట్టు పెట్టి అడ్వాన్సు ఇచ్చాం. మిగతా సొమ్ము కట్టి రిజిస్ట్రేషను చేయించుకోవడానికి గడువు రాసుకున్నాం. అది దాటితే అడ్వాన్సూ పోతుంది, సైటూ పోతుంది.

ఇక డబ్బు వేట. బ్యాంకుకి వెళ్తే లేఅవుటుకి అప్రూవల్ లేదన్నారు. పైగా నేను చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని, జీతం చేతికిస్తారు, స్లిప్పు ఉండదు. మా ఆయన సంపాదనకి అసలు కాగితమే లేదు. పాయకరావుపేటలో లారీలున్న మా ఆయన బావ ఒకడు ఉన్నాడు. ఆయన్ని అడిగి వస్తానని పొద్దున్నే బండేసుకుని వెళ్లిన మనిషి సాయంత్రం రెండు పూటల భోజనం చేసినంత నిండుగా తిరిగొచ్చాడు.

"ఏటన్నాడు మీ బావ?" అని అత్త అడిగింది.

"సేపల పులుసు శానా బాగుందమ్మా" అన్నాడు మా ఆయన తలొంచుకుని. ఆ బావ విస్తరి నిండా వడ్డించి, సైటు మీద డబ్బు పెట్టొద్దని హితబోధ చేసి పంపించాడట.

మిగిలింది నా చీటీ. మా వీధిలో ఒక పెద్దావిడ చాలా ఏళ్లుగా ఆడవాళ్ల చీటీలు నడుపుతోంది. మేమంతా పిన్ని అంటాం. నెలనెలా అందరూ కట్టిన సొమ్ముకి ఆవిడ అరుగు మీద ఆదివారం మధ్యాహ్నం పాట జరుగుతుంది. అవసరం ఉన్నవాళ్లు ఎంత వదులుకుంటారో పాడతారు. ఎవరు ఎక్కువ వదులుకుంటే ఆ నెల సొమ్ము వాళ్లది. వాళ్లు వదులుకున్నది మిగతావాళ్లందరికీ సమానంగా పంచుతారు, అంటే ఆ నెల అందరూ కట్టేది తగ్గుతుంది. అందుకే ఎవరి మొహంలోనైనా అవసరం కనిపించిందా, పక్కవాళ్లు ఉత్తుత్తినే పాట పెంచుతారు. ఇందులో పగ ఏమీ లేదు. కందిపప్పు ధరకి ఆ తగ్గింపు ఎంతో కొంత ఆసరా.

దానికి మా వీధి ఆడవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. నిజంగా అవసరమున్న మనిషి పాటకి వెళ్లదు. గుండె నిబ్బరం ఉన్న ఇంకొకరిని పంపుతుంది. ఎవరి తరఫున పాడుతున్నారో పాట కొట్టేసేదాకా చెప్పరు, ఎవరూ అడగరు. నేను మా పక్క వాటాలో బట్టలు కుట్టే అమ్మాయిని పంపించాను. సూది గుచ్చుకున్నా మొహం మారని పిల్ల.

ఆ ఆదివారం నేను ఇంట్లో కూర్చుని ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతున్నాను. మంచం మీద మా అత్త మడతపెట్టిన చీరలే విప్పి మళ్లీ మడతపెడుతోంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. నాకు ఫోను వస్తే చేట పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లాను.

"ఒదినా, పాలావిడ వదల్టం నేదు. నేనెంతంటే దానిమీద ఇంకాత్త అంటంది. ఏటి సెయ్యమంటావు?"

"వదలకు. ఇంకొంచెం వెళ్లు" అన్నాను.

తిరిగొచ్చి కూర్చోగానే నోరు ఊరుకోలేదు. "నీళ్లు కలిపిన పాలు పోసి సంపాదించింది చాలదు కాబోలు పాలావిడకి" అని గొణిగాను. మా అత్త చురుగ్గా నావైపు చూసింది.

"దాన్నేటి అనకు. మంచి మనిసి" అంది.

ఇంతలో ఆవిడ ఫోను మోగింది. మామూలుగా స్పీకరు పెట్టి వీధికంతా వినిపించేలా మాట్లాడే మనిషి, కొంగులో దాచుకుని కుళాయి దగ్గరికి వెళ్లి, నీళ్లు తిప్పి మరీ మాట్లాడింది. వస్తూ వస్తూ, "ఆ మిసను గుంటకి ఇంత పట్టుదలేటో" అని విసుక్కుంది. జాకెట్టు కూలి గురించి ఏదో పేచీ పడ్డారనుకున్నాను. నా తల అప్పుడు అంతవరకే పనిచేసింది. మళ్లీ నాకు ఫోను, మళ్లీ వంటిల్లు, మళ్లీ "వదలకు". మళ్లీ ఆవిడకి ఫోను, మళ్లీ కుళాయి. బకెట్టు నిండి నీళ్లు వాకిట్లోకి పారుతుంటే, నీళ్లు వృథా చేస్తోందని కేకలు కూడా వేశాను.

చివరికి చీటీ నాకే వచ్చింది. కానీ ఎంత వదులుకుంటే వచ్చిందో ఆ పిల్ల ఫోనులో చెప్పింది. ఆ అరుగు మీద అంత వదులుకుని చీటీ ఎత్తిన వాళ్లు అంతకుముందు లేరట. చేతికొచ్చే సొమ్ముతో సైటులో సగం కూడా రాదు. చేటలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మంచం మీద అత్త ఫోను ఒళ్లో పడేసుకుని గోడవైపు తిరిగింది. ఆవిడెందుకు డీలాపడిందో అడగాలని కూడా నాకు తోచలేదు.

కాసేపటికి పాలావిడ పరుగులాంటి నడకతో వచ్చింది. గుమ్మంలో నిలబడి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"ఓలమ్మో! పాట కొట్టేసేక మిసను పిల్ల నీ పేరు సెప్పింది. నాను మీ అత్త సీటీ పాడతన్నాను! అత్తాకోడళ్లిద్దరూ ఒక్క గదిలో కూకుని ఒకరి మీద ఒకరు పాడుకున్నారే! ఊరందరికీ పంచిపెట్టేసేరే!"

ఆ చీటీలో పాలావిడ పేరున ఉన్న వాటా మా అత్తదట. నెలనెలా వచ్చే పింఛను మాత్రలకీ, గుడికీ అయిపోతోందని మాతో చెప్పి, అంతా పాలావిడ చేతిలో పెట్టేదట. సైటు గడువు దగ్గరపడితే, మాకు చెప్పకుండా చీటీ ఎత్తి ఒక్కసారిగా నా చేతిలో పొయ్యాలని ఆవిడ పథకం. నా చీటీ సంగతి ఆవిడకి తెలీదు. ఆవిడకి చెబితే వీధికంతా తెలిసిపోతుందని నేనే దాచాను.

నేను ఏడుపూ కోపమూ కలిపి ఆవిడ మీద పడ్డాను. "ఒక్క ముక్క నాతో చెబితే ఏం పోయింది?"

"నీకు సెప్తే ఆ సొమ్ము బియ్యం కర్సులో కలిసిపోద్ది" అంది ఆవిడ. ఆ మాట నిజమే. "నువ్వు మాత్రం సెప్పేవేటి?" అని కూడా అంది. అదీ నిజమే.

ఆ వెంటనే ఆవిడ భోరుమంది. అలా ఏడవడం మామగారు పోయినప్పుడు కూడా చూడలేదు. నేనే పక్కన కూర్చుని, ఆవిడ జుట్టు సరిచేస్తూ, ఇంకా తిడుతూనే ఉన్నాను. సాయంత్రం మా ఆయన గ్రీజు చేతులతో వచ్చి, జరిగింది విని, గుమ్మంలో చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. అంత నవ్వు ఆయన మొహంలో చూసి చాలా కాలమైంది. ఇద్దరం కలిసి ఆయన్ని తిట్టాం. దాంతో మా ఇద్దరికీ కాస్త ఊపిరాడింది.

లెక్క చూస్తే దారి ఒకటే. నా చీటీ సొమ్ము ఉంది. అత్త చీటీ ఇంకా ఎత్తలేదు. వచ్చే నెల అది పెద్దగా నష్టపోకుండా వస్తే, రెండూ కలిపి సైటుకి సరిపోతాయి. కానీ గడువు ఈ నెలాఖరుకే. బ్రోకరు కుదరదన్నాడు, చేతిలో డబ్బుతో ఇంకో పార్టీ ఉందన్నాడు. అత్త నన్ను బండి తియ్యమని, తిన్నగా రైతు దగ్గరికే వెళ్దామంది. నేను నడుపుతుంటే, వెనక ఆవిడ నా నడుం పట్టుకుని కూర్చుంది.

రైతు మా అత్త వయసువాడే. చెరుకు ఇంకా కొట్టలేదు, గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆవిడ ఏమీ దాచలేదు. రోడ్డు మీద వేసిన బల్ల దగ్గర్నించి చీటీ పాట దాకా అంతా చెప్పింది. పాట సంగతికి ఆయన నవ్వలేదు. పుట్టినప్పట్నించీ సొంతింట్లో ఉన్న మనిషి, ఆయనకి మొదటి సంగతే అర్థం కాలేదు.

"సచ్చినోడిని ఇంట్లోకి రానీరా అప్పా?" అని, మావైపు అక్కని పిలిచే పిలుపుతో, రెండుసార్లు అడిగాడు.

"అద్దిల్లు కదా నాయనా" అంది అత్త.

ఆయన చెరుకు వైపు చెయ్యి చూపించాడు. "నా సెరుకు గానుగెక్కి బెల్లం అమ్ముడయ్యేదాకా ఆగుతాను. ఆ బ్రోకరుతో నేను సెప్పుకుంటాను. ఈలోగా సూసుకో అప్పా" అన్నాడు.

వచ్చే నెల పాటకి పాలావిడని పంపుదామన్నాను. ఈసారి నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటానని ఒట్టు కూడా పెట్టుకున్నాను. మా అత్త ఒప్పుకోలేదు. తానే వెళ్తానంది.

"నీ మొహం చూస్తేనే అవసరం తెలిసిపోతుంది. పెంచి చంపేస్తారు" అన్నాను.

"దాసి ఒకసారి సెడ్డాం. ఈసారి సూపించే సూద్దాం" అంది.

ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద అందరి మధ్యా కూర్చుంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. పిన్ని పాట మొదలుపెట్టకముందే అత్త లేచి నిలబడింది.

"ఈ నెల సీటీ నాకు కావాల. ఎందుక్కావాలో మీకందరికీ తెలుసు. ఆయన్ని రోడ్డు మీద పడుకోబెట్టిన్నాడు మీలో శానామంది వచ్చేరు. మరి మీ ఇట్టం" అని కూర్చుంది.

నాకు సిగ్గేసింది. ఆ వీధిలో ఎవరూ తమ అవసరాన్ని అలా నడిబజార్లో పరిచి చూపించరు. పిన్ని అందరి వైపూ చూసి, "పాడండర్రా" అంది. ఎవరూ నోరు విప్పలేదు. పాట లేకపోతే ఆ నెల ఎవరికీ తగ్గింపు ఉండదు, అందరూ పూర్తి సొమ్ము కట్టుకోవాలి. ఇళ్లలో పాచిపని చేసే ఆమె ఉంది, బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే అతని భార్య ఉంది. నాకు వాళ్లందరి కష్టాలూ తెలుసు. మా వీధికి కొత్తగా వచ్చిన ఒకావిడ ఏదో అనబోతే పాలావిడ ఆమె తొడ మీద గిల్లింది. పిన్ని రెండోసారి అడిగింది. మూడోసారి అడిగింది. చీటీ పైసా తగ్గకుండా మా అత్తది అయ్యింది.

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. బట్టలు కుట్టే అమ్మాయి అరుగు దిగి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏడుత్తావేటి ఒదినా. పోయిన్నెల మీ అత్తాకోడళ్ల పుణ్యాన్నే కదా నేను గేసుబండ ఇడిపించుకున్నాను" అంది. అప్పుడు కూడా దాని మొహం మారలేదు.

రిజిస్ట్రేషను ఆఫీసు బయట, డాక్యుమెంటు రాసే ఆయన ఎవరి పేరున రాయాలని అడిగాడు. మా ఆయన, నేను ఒకేసారి అత్త వైపు చూశాం. కోరిక ఆవిడది, సగం సొమ్ము ఆవిడది. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఇదిగో, దీని పేరున రాయి."

నాకు నిజంగానే కోపం వచ్చింది. ఇంతకాలం మా ప్రాణం తోడేసింది ఎవరికోసం? "చోటు నీకు కదా అత్తా కావలసింది. నిన్ను పడుకోబెట్టడానికే కదా ఇదంతా" అన్నాను.

"నన్ను ఎక్కడ పడుకోబెడితే నాకేటి తెలుత్తాది" అంది ఆవిడ. తర్వాత నాకొక్కదానికే వినపడేలా మెల్లగా చెప్పింది. "ఆయన్ని రోడ్డు మీద పడుకోబెట్టినందుకు కాదే. ఆయన్ని తీసుకెల్లిపోయేక అందరూ స్నానాలకి పోయేరు. బల్ల కూడా ఎవడో పట్టుకెల్లిపోయేడు. నేను తడిసీరతో ఆ గోడ పక్కన నిలబడిపోయేను. ఎటెల్లాలో తెలీనేదు. లోపలికి ఎల్లకూడదు, రోడ్డు మీద కూకోకూడదు. రేపు నా కొడుక్కేదైనా అయితే నువ్వలాగ నిలబడకూడదు. అందుకు."

ఆ రోజు నేను ఎక్కడున్నానా అని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. పిన్ని వాళ్లింట్లో అందరికీ టీ కాస్తున్నాను. ఆవిడ ఒక్కతే బయట ఉందని నాకు తట్టలేదు. డాక్యుమెంటు ఆయన నా పూర్తి పేరు అడుగుతుంటే మా ఆయనే చెప్పాడు.

సైటు మీద ఇంకా ఏమీ కట్టలేదు. నాలుగు మూలరాళ్లు, మా అత్త నాటిన మునగ కొమ్మ ఉన్నాయి. కట్టడానికి మళ్లీ చీటీలు కడుతున్నాం, ఈసారి ఒకరికొకరు చెప్పుకునే. ఈలోగా అద్దె పెరిగిందని మొన్న ఇంకో ఇల్లు చూడటానికి వెళ్లాం. అత్తని వద్దన్నా వచ్చింది. ఇంటావిడ తాళం తీసి గదులు చూపించింది. ఆ ప్రశ్న ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని నేను బిగుసుకుపోయి నిలబడ్డాను. అత్త కుళాయి తిప్పి చూసింది, కిటికీ రెక్క వేసి తీసి చూసింది, ఏమీ అడగలేదు.

అడిగింది ఇంటావిడే. మా అత్త తెల్లజుట్టునీ, వంగిన నడుమునీ చూస్తూ, "పెద్దావిడకి ఒంట్లో బాగానే ఉంటుందా అమ్మా?" అంది నాతో. ఆ అడగటంలో ఏముందో ముగ్గురికీ తెలుసు.

నేను నోరు తెరిచేలోపు మా అత్తే జవాబు చెప్పింది.

"నా గురించి బెంగెట్టుకోకు తల్లీ. నా కోడలికి సోటుంది."